పన్నెండో గొంతు

మా ఊళ్లో పంపు బాబాయితో ఎవరు మాట్లాడినా నీళ్ల గురించే మాట్లాడేవారు. ఇవాళ వస్తాయా, ఎన్నింటికి వదుల్తావు, మా వీధికి ధార సన్నగా వస్తోందేం? ఇంతకు మించి ఆయన్ని ఎవరైనా ఇంకో మాట అడగ్గా నేను వినలేదు. పంచాయతీ ఆఫీసులో నా టైపు మిషను ఉన్న కిటికీకి ఎదురుగానే పంపు గది గుమ్మం. పొద్దస్తమానం అటు చూస్తూ కూర్చునేదాన్ని కాబట్టి ఈ సంగతి ఎవరి ముందైనా కుండబద్దలు కొట్టినట్టు చెప్పగలను.

ఆయన నాకేమీ చుట్టం కాదు. ఊరందరికీ బాబాయి, నాకూ బాబాయి. పెళ్లి చేసుకోలేదు. అన్నయ్య పిల్లల్ని ఎత్తుకుని తిప్పాడు, బడిలో దింపాడు, వాళ్ల పెళ్లిళ్లకి బెంచీలు మోశాడు. అన్నయ్య పోయాక వదిన కూతురి దగ్గరికి వెళ్లిపోయింది, ఇల్లు అమ్మేశారు. ఆ రోజు బాబాయి మడత మంచం భుజాన వేసుకుని పంపు గదికి వచ్చేశాడు. "మోటారుకి కాపలా ఉంటే మంచిది కదమ్మా," అని నాతో అన్నాడు. ఆ మోటారుని నలుగురు కలిసినా కదపలేరు. దాన్ని ఎవడెత్తుకుపోతాడని కాపలా? ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మంచం వేసుకోవడానికి ఇంకో చోటు లేని మనిషిని అలా అడగకూడదు.

గదిలో సగం మోటారుదే. మిగతా సగంలో మంచం, కిరసనాయిలు స్టవ్వు, ఒక గిన్నె, ఒక గ్లాసు, గోడకి కొట్టిన రెండు మేకులు. ఎప్పుడైనా నేను వెళ్తే ఆ గ్లాసు కడిగి నాకు టీ పోసి, నేను తాగడం అయ్యేదాకా ఆయన ఊరికే నిలబడేవాడు. తెల్లవారుజామునే పొడుగాటి ఇనప రాడ్డు పట్టుకుని వీధి వీధీ తిరిగి వాల్వులు తిప్పేవాడు. సాయంత్రం కరెంటు నిలకడగా ఉంటుంది కనక అప్పుడు మోటారు వేసి ట్యాంకు నింపేవాడు. ఆయన వాల్వు తిప్పగానే ప్రతి ఇంట్లోనూ కుళాయి బుస్సుమనేది, ఆడవాళ్లూ మగవాళ్లూ బిందెలతో పరుగెత్తేవారు. ఆయన అప్పటికే పక్క వీధిలో ఉండేవాడు. ఊరంతా నిద్ర లేచేది ఆయన చేతి మీదుగానే గానీ, లేచిన మొహాలు ఆయన చూసింది తక్కువ.

ఇలా ఉండగా పైనుంచి ఒక కాగితం వచ్చింది. ప్రతి పంచాయతీ తన పరిధిలో ఒక కళా బృందాన్ని పోషించాలట. మా ప్రెసిడెంటు గారు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చదివి, "పోషించడమంటే? తిండి కూడా మనమే పెట్టాలా?" అని అడిగారు. అక్కర్లేదని, గది ఇచ్చి, దీపాలు ఇచ్చి, నేర్పేవాళ్లకి జీతం ఇస్తే చాలని, జీతం కూడా పైవాళ్లే పంపిస్తారని చెప్పాక ఆయన మొహం విచ్చుకుంది. కళలంటే తనకి చిన్నప్పటినుంచీ ప్రాణమని అప్పుడు చెప్పారు. అంతకుముందు ఆ ముక్క మాకెవరికీ తెలియదు.

పంపు గదికి గోడ ఆనుకుని ఒక పాత సామాను గది ఉండేది. అందులోంచి బ్లీచింగు బస్తాలు తీయించి, సున్నం కొట్టించి, రెండు ట్యూబులైట్లు పెట్టించారు. అది పాటల గది అయింది. బ్లీచింగు వాసన మాత్రం గోడల్లో ఉండిపోయింది, మొదటి నెలంతా పాడుతూ తుమ్మాం. పట్నం నుంచి బస్సులో టీచరమ్మ వచ్చేది. మంచి మనిషి, ఓపికస్తురాలు. శ్రుతికి ఏదైనా వాయిద్యం కావాలని ఆవిడ అడిగితే, కొనాలని తీర్మానం చేశారు. ఆ తీర్మానం నేనే టైపు చేశాను. టైపు చేసిన కాగితం ఫైల్లోకి వెళ్లి అక్కడే కాపురం పెట్టింది. ఆవిడ పాపం తన గొంతుతోనే ఒక స్వరం పట్టి వినిపిస్తే, మేం దాన్ని అందుకునేవాళ్లం.

చిక్కు ఒక్కటే వచ్చింది. బృందంలో కనీసం పన్నెండు మంది ఉండాలని ఆ కాగితంలో రాసి ఉంది. మేం పదకొండు మందిమి తేలాం. టైలరు, ఆయన భార్య, పాల కేంద్రంలో పనిచేసే అక్కచెల్లెళ్లు, నేను, ఇంకా కొందరు. ఇంట్లో గొంతెత్తి పాడేవాళ్లు ఊరినిండా ఉన్నారు, వరసలో నిలబడమంటే మాత్రం అందరికీ పనులే. ప్రెసిడెంటు గారు కిటికీలోంచి చూసి, "ఆ పంపు ఆయన సాయంత్రం మోటారు వేసి ఖాళీగా కూర్చుంటాడు కదా, రమ్మనండి," అన్నారు. అలా బాబాయి లెక్క సరిపెట్టడానికి మా బృందంలోకి వచ్చాడు.

మొదటి సాయంత్రం చేతులు తుడుచుకుంటూ వచ్చి వరస చివర నా పక్కన నిలబడ్డాడు. టీచరమ్మ స్వరం ఇచ్చింది. అందరం అందుకున్నాం. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పడం కష్టం. నీళ్లు లేని గొట్టం గాలి లాగితే వచ్చే చప్పుడు మీరు వినే ఉంటారు. టైలరు వెనక్కి తిరిగి చూశాడు. అక్కచెల్లెళ్లు చీర కొంగులు నోట్లో కుక్కుకున్నారు. బాబాయి మాత్రం కళ్లు మూసుకుని, మెడ నరాలు ఉబ్బేలా పాడుతున్నాడు.

పాట అయ్యాక టీచరమ్మ ఆయన్ని పక్కకి పిలిచి మెల్లగా చెప్పింది. "బాబాయి గారూ, మీరు మాతోపాటు నిలబడండి. పెదాలు కదపండి. గొంతు మాత్రం... ప్రస్తుతానికి వద్దు."

"అలాగేనమ్మా," అన్నాడాయన. "ఎంత కదపాలి?"

ఆవిడ నవ్వు ఆపుకుని చూపించింది. ఆయన నేర్చుకున్నాడు. ఒక పని ఒప్పజెబితే ఎంత శ్రద్ధగా చేస్తాడో ఇదీ అంతే శ్రద్ధగా చేశాడు. పాటలన్నీ కంఠతా పట్టాడు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ ఆగాలో మాకంటే ముందు నేర్చుకున్నాడు. పాటల గది ముందే పెట్టిన ఒక పెద్ద సభలో మేం పాడితే, వచ్చిన అధికారి భార్య కిందికి దిగి వచ్చి, "ఆ చివరాయన ఎంత లీనమై పాడుతున్నాడండీ!" అని టీచరమ్మతో అంది. మేం పదకొండు మందిమీ పళ్ల బిగువున నవ్వు ఆపుకున్నాం. బాబాయి వినయంగా తలవంచుకున్నాడు. నిజంగానే తనని మెచ్చుకున్నారనుకున్నాడు. ఆ మెప్పు ఆయనదే, కాదని ఎవరనగలరు?

నాకు మాత్రం పాటకంటే పాట ముందర గడిచే కాసేపే బాగుండేది. అందరం గది తలుపు దగ్గర చేరేవాళ్లం. టైలరు తన మోకాళ్ల నెప్పి గురించి, ఆయన భార్య ఆయన గురించి, పాల కేంద్రం అక్క తన చెల్లెలి గురించి చెప్పేవారు. బాబాయి ఒక పక్కన నిలబడి వినేవాడు. ఒకరోజు టైలరు భార్య యథాలాపంగా, "ఏం బాబాయ్, ఎలా ఉన్నావు?" అని అడిగింది. బాబాయి వెంటనే, "రాత్రికల్లా ట్యాంకు నిండుతుందమ్మా," అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆయన బిత్తరపోయి చూశాడు. తర్వాత అర్థమైంది. "నేనా? నేను బాగానే ఉన్నాను," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన కాసేపు వెతుక్కున్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను గానీ ఇంటికెళ్లాక అన్నం సయించలేదు.

అప్పటినుంచీ ఆయన మారాడు. సాయంత్రానికి వేరే చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాడు. టైలరు మోకాలికి ఫలానా నూనె మంచిదని ఎవరో చెప్తే అడిగి తెచ్చి ఇచ్చాడు. నాకు జలుబు చేస్తే, "తగ్గిందా అమ్మాయ్?" అని తగ్గిన తర్వాత కూడా వారం రోజులు అడిగాడు. తనని ఎవరైనా అలా అడిగితే మహా సంబరపడేవాడు. చిన్న దెబ్బ తగిలి వేలికి గుడ్డ చుట్టుకొస్తే, పదకొండు మందీ అడిగేదాకా ఆ గుడ్డ విప్పలేదు. ఆయనకి కావలసింది పాట కాదు, ఆ వరస. భుజం పక్కన ఇంకో భుజం. ఆ సంగతి నాకు తెలుసు, బహుశా టీచరమ్మకీ తెలుసు.

కొన్నేళ్లు అలా గడిచాయి. ఒక వేసవిలో రేడియో వాళ్లు వస్తున్నారని కబురు వచ్చింది. పంచాయతీలు పోషిస్తున్న బృందాల పాటలు రికార్డు చేసి వినిపిస్తారట. బాగున్న వాటికి సాయం కొనసాగుతుంది, బాగులేని వాటి గతి వేరే చెప్పనక్కర్లేదు. ప్రెసిడెంటు గారు గది గోడలకి మళ్లీ సున్నం కొట్టించారు. రేడియోలో గోడలు కనిపించవని చెప్పినా వినలేదు.

రికార్డింగు రోజున రేడియో ఆయన చెవులకి డిప్పలు పెట్టుకుని, మైకు పెట్టి, మాతో ఒకసారి ఊరికే పాడించి చూశాడు. ఆఖరున చెయ్యెత్తి, "పాట బాగుందండీ. కానీ గోడవతల ఏదో గుయ్‌మంటోంది. అది ఆపించాలి," అన్నాడు.

"అది మా మోటారండీ," అన్నాడు బాబాయి, మా వరసలోంచి. "నేను వెళ్లి ఆపేస్తాను."

టీచరమ్మ ఆయన వెనకే గుమ్మం దాకా వెళ్లింది. "బాబాయి గారూ, మరేం అనుకోకండి. ఇది రేడియో కదా, కనిపించేది ఏమీ ఉండదు. మీరు అక్కడే ఉండి, మోటారు మళ్లీ ఎవరూ వేయకుండా చూడండి," అంది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. గొంతు లేనివాడికి రేడియోలో ఏం పని? బాబాయి తల ఊపి వెళ్లిపోయాడు. నా పక్కన ఖాళీ మిగిలింది. కాసేపటికి మోటారు ఆగింది. అన్నేళ్లలో ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండడం నేను ఎరగను.

టీచరమ్మ స్వరం ఇచ్చింది. అందుకున్నాం. మొదటి చరణం బాగానే నడిచింది. రెండో చరణానికి ఏదో జారుతున్నట్టనిపించింది. మూడో చరణానికి టైలరు ఒక దారి, అక్కచెల్లెళ్లు ఇంకో దారి పట్టారు. మళ్లీ పాడాం. మళ్లీ జారాం. మూడోసారి మొదటి చరణంలోనే కూలబడ్డాం. టైలరు భార్యని కసిరాడు, ఆవిడ తిరిగి కసిరింది. ప్రెసిడెంటు గారు గుమ్మంలో నిలబడి చేతి రుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు. సాయం ఆగిపోతుందన్న భయం మాకందరికీ పట్టుకుంది. టీచరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

రేడియో ఆయన మొదట ఊరికే పాడించిన పాటని మళ్లీ చెవిలో పెట్టుకుని విన్నాడు. విన్నది చాలదన్నట్టు ఇంకోసారి విన్నాడు. తర్వాత డిప్పలు తీసి నవ్వాడు.

"మీరంతా ఆ మోటారు శ్రుతికి పాడుతున్నారండీ," అన్నాడు. "అది ఆగేసరికి మీ కాళ్ల కింద నేల పోయింది. దాన్ని వేయించండి. కొంచెం వినిపించినా ఫరవాలేదు."

మోటారు వేశారు. గోడవతల ఆ గుయ్యి మొదలైంది. ఇన్నేళ్లూ అది చెవిన పడుతున్నట్టే మాకు తెలియదు. దాన్ని పట్టుకుని పాడితే పాట ఒక్క గుక్కలో నడిచిపోయింది. టీచరమ్మ గోడ మీద చెయ్యి వేసి నిలబడింది. ఇంత చదువుకుని ఆ సంగతి కనిపెట్టలేకపోయానని తన మీద తనే నవ్వుకుంది.

రేడియోలో మా పాట వచ్చిన సాయంత్రం అందరం పాటల గదిలో చేరాం. బాబాయి కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. పాట ముందు అనౌన్సరు ఈ బృందం పంచాయతీ నీళ్ల మోటారు శ్రుతిలో పాడుతుందని, ఇలాంటిది ఇంకెక్కడా వినలేదని చెప్పింది. అందరూ ఒక్కసారి బాబాయి వైపు తిరిగారు. టైలరు ఆయన్ని కావలించుకున్నాడు. అక్కచెల్లెళ్లు ఆయన చేతులు పట్టుకున్నారు. ఆయన మొహం అంత వెలిగిపోతుండగా నేనెప్పుడూ చూడలేదు. పాట వస్తున్నంతసేపూ పెదాలు కదుపుతూనే ఉన్నాడు. పాట అయ్యాక నాతో మెల్లగా అన్నాడు. "ఇక నన్ను తీసెయ్యరులే అమ్మాయ్."

తీసేస్తారని ఇన్నేళ్లూ భయపడుతున్నాడని నాకు అప్పుడు తెలిసింది. ఎవరైనా పాడేవాడు దొరికితే తన అవసరం తీరిపోతుందని ఆయన అనుకుంటున్నాడు. నిజమే, అప్పటికే ఒకాయన దొరికాడు. బదిలీ మీద వచ్చిన పోస్టుమాస్టరు. మంచి గొంతు, వరసలో నిలబడ్డానికి తయారుగా ఉన్నాడు.

మర్నాడు ఉదయం ప్రెసిడెంటు గారు ఆఫీసుకి ఊపుగా వచ్చారు. పై ఊళ్లనుంచి కూడా ఫోన్లు వస్తున్నాయట. కుర్చీలో కూర్చుని నన్ను పిలిచి ఒక ఉత్తర్వు చెప్పారు, నేను టైపు చేశాను. వాయిద్యం కొనే తీర్మానం రద్దు. కళా బృందానికి శ్రుతి పంచాయతీ మోటారే ఇస్తుంది. కరెంటు ఎక్కువ తక్కువలైనప్పుడు ఆ శ్రుతి మారకుండా, పాట జరిగినంతసేపూ పంపు ఆపరేటరు మోటారు దగ్గరే ఉండి వాల్వు సర్దుతూ చూసుకోవాలి. ఆయన స్థానంలో పన్నెండో సభ్యుడిగా పోస్టుమాస్టరు.

"అదేంటండీ," అన్నాను. "ఆయన ఇన్నేళ్లుగా మాతో నిలబడుతున్నాడు."

"నిలబడి ఏం చేస్తున్నాడమ్మా? నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. ఇక్కడైతే బృందానికే ఆధారం ఆయన. ఎంత గౌరవం!"

"ఆయనకి గౌరవం కాదండీ కావలసింది."

"మరేం కావాలి?"

దానికి జవాబు ఉంది. కానీ ఆఫీసులో, ఫైళ్ల మధ్యన, ప్రెసిడెంటు గారి కుర్చీ ముందు నిలబడి చెప్పే జవాబు కాదు. "ముందు టైపు చెయ్యమ్మా," అన్నారాయన. ఒళ్లు మండిపోయింది. అక్షరాలు రెండు చోట్ల తప్పు కొట్టాను, కావాలనే కొట్టాను. దిద్ది మళ్లీ కొట్టమన్నారు.

ఆ వారం పాటల గదిలో చిన్న సభ పెట్టి బాబాయికి శాలువా కప్పారు. ప్రెసిడెంటు గారు మాట్లాడుతూ కళకి ప్రభుత్వం అండగా ఉంటే నీళ్ల మోటారు కూడా పాడుతుందన్నారు. బాగా చెప్పారు, చప్పట్లు కొట్టాం. ఉత్తర్వు చదివి వినిపించారు. బాబాయి శాలువా పట్టుకుని నిలబడి విన్నాడు. అర్థమవడానికి ఆయనకి కొంచెం సేపు పట్టింది.

తర్వాత ఆయన ఒక పని చేశాడు. జీవితంలో ఎవరినీ ఏదీ అడగని మనిషి నోరు విప్పి అడిగాడు. "ప్రెసిడెంటు గారూ, మోటారు దానంతటదే తిరుగుతుందండీ. వాల్వు ముందే సర్ది వస్తాను. నన్ను వాళ్ల పక్కన నిలబడనివ్వండి. నేనేం పాడను."

నేను ప్రెసిడెంటు గారి మొహం వైపు చూశాను.

ప్రెసిడెంటు గారు లేచి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "చూశారా ఈయన పెద్ద మనసు! ఇంత పేరొచ్చినా తనది కాదంటున్నాడు. అలా అనకూడదు బాబాయ్. నువ్వు లేకపోతే వీళ్ల పాట లేదు," అన్నారు. అందరూ మళ్లీ చప్పట్లు కొట్టారు. ఈసారి ఇంకా గట్టిగా. టైలరు కళ్లు తుడుచుకున్నాడు కూడా. "ఆయన అడుగుతున్నది అది కాదు," అని నేను లేచి అన్నాను. ఆ చప్పట్లలో నా మాట నాకే వినపడలేదు. టీచరమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టకుండా నేల చూస్తూ కూర్చుంది. కానీ ఆవిడ జీతం పంచాయతీ చేతుల మీదుగా వస్తుంది, ఏమంటుంది?

ఆ తర్వాత మా పాట బాగా పెరిగిందని చెప్పాలి. పోస్టుమాస్టరు గొంతు నిండుగా ఉంటుంది. మంచివాడే, ఆయన మీద నాకు కోపం లేదు. నా పక్కనే నిలబడతాడు. పక్క ఊళ్లవాళ్లు వచ్చి మేం పాడుతుంటే చూసి, గోడకి చెవి పెట్టి మోటారు విని వెళ్లేవారు. ప్రెసిడెంటు గారు వాళ్లని పంపు గదికి తీసుకెళ్లి బాబాయిని చూపించేవారు. వాళ్లు బాబాయిని అడిగేవారు, మోటారు ఎన్నేళ్లది, ఎంత లాగుతుంది, ఎప్పుడైనా చెడిందా అని. ఆయన చెప్పేవాడు.

తలుపు దగ్గర కబుర్లకి కూడా ఆయన రాలేకపోయాడు. మేం చేరే వేళకే మోటారు శ్రుతి సర్దుకోవాలి. పాట అయ్యాక ట్యాంకు నిండేదాకా కదలకూడదు. ఈలోగా మేం ఇళ్లకి వెళ్లిపోయేవాళ్లం. కొన్నాళ్లు టైలరు వెళ్తూ వెళ్తూ కిటికీలోంచి, "బాబాయ్, వస్తాం!" అని కేకేసేవాడు. తర్వాత మర్చిపోయాడు. చెడ్డవాడై కాదు, మనుషులు అలాగే మర్చిపోతారు.

ఒక సాయంత్రం పాట మధ్యలో టీచరమ్మ చెయ్యెత్తి ఆపింది. "శ్రుతి కాస్త దిగింది. వెళ్లి బాబాయి గారికి చెప్పి రామ్మా," అని నన్ను పంపించింది. వాన తుంపర పడుతోంది. కొంగు తలమీద వేసుకుని వెళ్లి పంపు గది తలుపు తట్టాను. పలకలేదు. ఆ మోతలో తట్టినా వినపడదు. తోసి లోపలికి అడుగుపెట్టాను.

బాబాయి మంచానికీ గోడకీ మధ్య సందులో నిలబడి ఉన్నాడు. మా గది వైపు గోడ అది. దానికి మొహం దాదాపు ఆనించి, కళ్లు మూసుకుని, మెడ నరాలు ఉబ్బేలా పాడుతున్నాడు. పెదాలు కదపడం కాదు, పాటే. మేం ఆపేసిన పాటని ఆయన ఆపలేదు, ఆపామని ఆయనకి తెలియదు. మూడో చరణంలో ఉన్నాడు. ఆ గొంతు ఏమీ మారలేదు, అదే గాలి లాగిన గొట్టం. మాట మాటకీ వేరే శ్రుతి. కానీ ఒక్క పదం తప్పు పోలేదు, ఒక్క చోట ఊపిరి తప్పు తీసుకోలేదు. అలా పాడుతూ ఉండిపోయి వాల్వు సంగతి మర్చిపోయాడు. చరణం అయ్యేదాకా అలాగే నిలబడ్డాను.

కళ్లు తెరిచి నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. దొంగతనం చేస్తూ పట్టుబడ్డట్టు గోడకి దూరంగా జరిగాడు.

"ఎంతసేపైంది వచ్చి?"

"ఇప్పుడే బాబాయ్. శ్రుతి కొంచెం దిగిందట, టీచరమ్మ చెప్పమంది."

"అయ్యో," అని వాల్వు వైపు పోబోయి ఆగాడు. నా వైపు చూడకుండా అడిగాడు. "అవతలికి వినిపిస్తోందా?"

పాపం భయపడుతున్నాడనుకున్నాను. గొంతు ఎత్తొద్దని ఎన్నో ఏళ్ల కింద చెప్పిన మాట దాటినందుకు సిగ్గుపడుతున్నాడనుకున్నాను. ధైర్యం చెప్పాలని తొందరపడ్డాను. "లేదు బాబాయ్, నామీద ఒట్టు. ఈ మోటారు చప్పుడులో ఏం వినిపిస్తుంది? అక్కడికి ఒక్క ముక్క కూడా రాదు. నీ ఇష్టం వచ్చినట్టు పాడుకో."

ఆయన నా మొహంలోకి చూశాడు. మళ్లీ గోడ దగ్గరికి వెళ్లి దాని మీద అరచెయ్యి వేశాడు.

"ఒక్క ముక్క కూడా రాదా?" అన్నాడు. "గోడకి దగ్గరగా నిలబడే పాడుతున్నానే."